ప్యాకెట్ వెనక్కి తిప్పండి!

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియని తెలుగిల్లు ఉండదు. రాయలవారు తలా ఓ పిల్లిని పంచి, దాని పాల కోసం తలా ఓ ఆవునూ ఇచ్చారట. అందరి పిల్లులూ బొద్దుగా తయారైతే రామకృష్ణుడి పిల్లి మాత్రం ఎముకల గూడులా మిగిలింది. మొదటిరోజే పొగలు కక్కే పాలు పెట్టి మూతి కాల్చాడు మరి! ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు, అది ఒకటే పరుగు. ఆవు పాలేమో రామకృష్ణుడి ఇంటిల్లిపాదికీ!

కథ విని తరతరాలుగా నవ్వుకుంటున్నాం. దాంతోపాటు ఓ నమ్మకాన్నీ మోసుకొస్తున్నాం. పాలు పోస్తే చాలు, పిల్లి బలుస్తుందని. పశువైద్యులు మాత్రం ఆ మాట ఒప్పుకోరు. ఆవు పాలూ, గేదె పాలూ పిల్లికి ఆహారమే కాదు. చాలా పిల్లికూనలకు అవి జబ్బు తెచ్చిపెడతాయి కూడా.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో పిల్లిని ఏరికోరి కొనుక్కునేవాళ్లు తక్కువ. సాధారణంగా అదే వస్తుంది. వానకు తడిసి మెట్ల కింద దూరుతుంది. లేదంటే బడి నుంచి వస్తూ పిల్లలే ఎత్తుకొస్తారు. 'గిన్నెల ఇన్ని పాలు పోయుండ్రి, అదే పెరుగుతది' అంటుంది నాయనమ్మ. రెండు రోజులు బాగానే గడుస్తుంది. మూడోరోజు విరేచనాలు మొదలవుతాయి. ఇల్లంతా కంపు. 'దీన్ని ఏ మార్కెట్ దగ్గరో వదిలేసి రండి' అనే మాట అక్కడే పుడుతుంది. తప్పు కూనది కాదు, గిన్నెది. కానీ శిక్ష మాత్రం కూనకే!

అంతదాకా రాకుండా చూసుకోవాలంటే ఏం పెట్టాలి? కిరాణా కొట్లలోనూ పెట్ షాపుల్లోనూ ఇప్పుడు రంగురంగుల క్యాట్ ఫుడ్ ప్యాకెట్లు దొరుకుతున్నాయి. ఒకటి చవక, ఒకటి ఖరీదు. ఒకదాని మీద చేప బొమ్మ, ఇంకోదాని మీద కోడి బొమ్మ. ఏది కొనాలో ఆ బొమ్మలు చెప్పవు. అసలు సంగతి ప్యాకెట్ వెనక ఉంటుంది.

పాలు ఎందుకు పడవు?

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైమ్ తల్లిపాలు తాగేన్నాళ్లూ కూన పేగుల్లో పుష్కలంగా తయారవుతుంది. ఎనిమిది వారాలకల్లా కూన పాలు మానేస్తుంది. ఆ తర్వాత ఆ ఎంజైమ్ క్రమంగా తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగుల్లో పులిసి, విరేచనాలుగా బయటికొస్తుంది. అరకిలో, ముప్పావు కిలో బరువున్న ప్రాణికి రెండు రోజుల విరేచనాలంటే మాటలు కాదు. ఒంట్లో నీరంతా పోయి ప్రాణం మీదికొస్తుంది.

పాలన్నం, పెరుగన్నంతో ఇంకో చిక్కుంది. కడుపు నిండుతుంది కానీ ఒళ్లు నిండదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. కుక్క మనతో తిరిగి తిరిగి అన్నానికి అలవాటు పడింది. పిల్లి శరీరం మాత్రం ఎలుకలూ పిట్టలూ తిని బతికిన రోజుల దగ్గరే ఆగిపోయింది. మనం తినే క్యారెట్‌లోని పదార్థాన్ని మన ఒళ్లు విటమిన్-ఎగా మార్చుకుంటుంది. పిల్లికి అది చేతకాదు. ఆ విటమిన్ మాంసం నుంచి నేరుగా అందాల్సిందే. అలాంటి వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైంది టారిన్.

గుండెకీ కంటికీ టారిన్

ఇదో అమైనో ఆమ్లం. మాంసంలో, చేపల్లో, ముఖ్యంగా గుండెకాయ వంటి భాగాల్లో ఉంటుంది. బియ్యంలో ఉండదు. పాలలో ఉన్నా లేనట్టే. టారిన్ లేని తిండి పెడితే పిల్లి కంటిలోని రెటీనా పాడవుతుందని అమెరికా శాస్త్రవేత్తలు 1975లో గుర్తించారు. అలా పోయిన చూపు తిరిగి రాదు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పశువైద్య పరిశోధకులు మరో సంగతి బయటపెట్టారు. అప్పట్లో ఎన్నో పిల్లులు గుండె ఉబ్బి చనిపోయేవి. దానికీ టారిన్ కొరతే కారణమని తేల్చారు. అవన్నీ గాలికి తిరిగే పిల్లులు కావు. కంపెనీ తిండి తిన్న పెంపుడు పిల్లులే! ఆ తర్వాతే కంపెనీలు తమ తయారీల్లో టారిన్ మోతాదు పెంచాయి.

ఈ కారణం వల్లే ఇంట్లో కుక్క కోసం తెచ్చిన గింజలు పిల్లికి పెట్టకూడదు. కుక్క తన టారిన్‌ను చాలావరకు తానే తయారు చేసుకోగలదు కాబట్టి దాని తిండిలో అది తప్పనిసరి కాదు. ప్రొటీన్ కూడా తక్కువే. ఒకరోజు దొంగచాటుగా తింటే కొంప మునగదు. నెలల తరబడి అదే పెడితేనే ముప్పు.

మాంసం వండని ఇళ్లలో...

వరంగల్‌లో నీసు గడప దాటని ఇళ్లు ఎన్నో. అలాంటి ఇంటికీ పిల్లి వస్తుంది. పిల్లలు దాన్ని వదలరు. పెద్దవాళ్లు వంటింట్లోకి మాంసం రానివ్వరు. మధ్యలో కూనకు పెరుగన్నమే గతి అవుతుంది. ఇలాంటి చోట డ్రై ఫుడ్ నిజంగానే అక్కరకొస్తుంది. వండే పని లేదు, గిన్నెలు కలిసే బాధ లేదు. వరండాలో ఓ మూల దాని డబ్బా, దాని పళ్లెం పెట్టేస్తే సరి. మన నియమం మనది, దాని తిండి దానిది. మనలాగే దాన్నీ శాకాహారిని చేద్దామనుకుంటే మాత్రం ఆ వ్రతఫలం కూన ప్రాణంతో చెల్లించాల్సి వస్తుంది.

వెనక ఏం చూడాలి?

ఒకటి... వయసు. 'కిటెన్' అనో, 'గ్రోత్' అనో, 'ఆల్ లైఫ్ స్టేజెస్' అనో రాసి ఉండాలి. 'అడల్ట్' అని ఉంటే అది పెద్ద పిల్లికి. ఏడాది నిండేదాకా కూనకు కూన తిండే పెట్టాలి.

రెండు... 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అన్న మాట. అంటే ఇంకేమీ పెట్టకపోయినా అన్ని పోషకాలూ అందుతాయని అర్థం. 'ట్రీట్', 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది చిరుతిండి మాత్రమే. దాన్నే భోజనంగా పెట్టకూడదు.

మూడు... ప్రొటీన్, కొవ్వు. అమెరికాలో పశువుల, పెంపుడు జంతువుల ఆహార ప్రమాణాలను సూచించే ఆఫ్కో సంస్థ లెక్క ప్రకారం తేమ తీసేశాక కూన తిండిలో కనీసం 30 శాతం ప్రొటీన్, 9 శాతం కొవ్వు ఉండాలి. పెద్ద పిల్లికైతే 26 శాతం ప్రొటీన్ చాలు. గింజల్లో తేమ సుమారు 10 శాతం ఉంటుంది. కాబట్టి ప్యాకెట్ మీద ప్రొటీన్ 27 శాతం ఉంటే అది సరిగ్గా గీత మీద ఉన్నట్టు. 32 శాతం ఆపైన ఉంటే నిశ్చింత.

నాలుగు... టారిన్. పదార్థాల జాబితాలో ఆ పేరు కనపడాలి. అంకె కూడా ఇస్తే గింజల్లో కనీసం 0.1 శాతం ఉందో లేదో చూసుకోవాలి.

ఐదు... జాబితాలో ముందున్న పేర్లు. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయడం రివాజు. మొదటి రెండు మూడు పేర్లలో చికెన్, చికెన్ మీల్, ఫిష్ మీల్ లాంటిది ఉండాలి. మీల్ అనగానే మొహం చిట్లించక్కర్లేదు. నీరు తీసేసి పొడి చేసిన మాంసమే అది. వరసగా మొక్కజొన్న, గోధుమ, సోయా ఉండి, మాంసం ఎక్కడో చివర నక్కి ఉంటే ఆ ప్యాకెట్‌ను అక్కడే పెట్టేయొచ్చు.

ప్రొటీన్ అంకె ఒక్కటే చూస్తే ఎందుకు చాలదో 2007లో అమెరికా కళ్లారా చూసింది. ప్రయోగశాలలో ప్రొటీన్‌ను నేరుగా తూచరు. నత్రజని ఎంతుందో చూసి లెక్క కడతారు. దీన్ని ఆసరా చేసుకుని, చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అనే రసాయనం కలిపారు. మెలమిన్‌లో నత్రజని ఎక్కువ. కాగితం మీద ప్రొటీన్ పెరిగింది. ఆ తిండి తిన్న పిల్లులకూ కుక్కలకూ కిడ్నీలు పాడయ్యాయి. పెద్దసంఖ్యలో ప్యాకెట్లను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించాల్సి వచ్చింది. ఎంత ప్రొటీన్ అన్నదానితో పాటు ఎక్కణ్నుంచి వచ్చిన ప్రొటీన్ అన్నదీ చూడమనేది అందుకే.

పట్టించుకోనక్కర్లేనివీ కొన్ని ఉన్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గింజలు మన కళ్ల కోసం, పిల్లికి కాదు. 'ఫ్లేవర్' అంటే ఆ రుచి, వాసన తగులుతాయని అర్థం. బొమ్మలో ఉన్నంత చేప లోపల ఉందని కాదు. ఇంకో తమాషా... పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని గుర్తించే జన్యువు దానిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. మన బిస్కెట్టు ముక్క దానికి పెట్టడం మన సంబరమే!

పేరున్నదైతే దూరదేశం నుంచే రావాలన్న భ్రమా అక్కర్లేదు. విస్కాస్, పెడిగ్రీ అమ్మే మార్స్ సంస్థ కర్మాగారం మన పక్కనే సిద్దిపేట జిల్లాలో ఉంది. మరో 500 కోట్ల రూపాయలతో దాన్ని విస్తరిస్తామని 2021లో ప్రకటించింది. డ్రూల్స్ అయితే ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్ కేంద్రంగా కోళ్ల వ్యాపారం చేసే ఐబీ గ్రూపు నుంచి పుట్టింది. దేశీయమా విదేశీయమా అన్నది కాదు, వెనక రాసింది ఏమిటన్నదే ముఖ్యం.

కిలో ధర కాదు, రోజు ఖర్చు

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కిలో ధర చూసి చవక, ఖరీదు అని తేల్చేస్తారు. కూన తినేది కిలోలు కాదు, కేలరీలు. కిలో బరువున్న రెండు మూడు నెలల కూనకు రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. ఎన్ని గ్రాములు పెడితే అన్ని కేలరీలు వస్తాయన్నదే అసలు లెక్క.

ఉదాహరణకు రెండు ప్యాకెట్లు తీసుకుందాం. ధరలు లెక్క కోసం అనుకున్నవే. మొదటిది కిలో 300 రూపాయలు, 100 గ్రాములకు 333 కేలరీలు. రెండోది కిలో 400 రూపాయలు, 100 గ్రాములకు 385 కేలరీలు. మొదటిదైతే కూనకు రోజూ 60 గ్రాములు పెట్టాలి. ఖర్చు 18 రూపాయలు. రెండోది 52 గ్రాములు చాలు. ఖర్చు సుమారు 21 రూపాయలు. కొట్లో వంద రూపాయలు కనిపించిన తేడా, ఇంట్లో రోజుకు మూడు రూపాయలే! నెలకు 90 దాటదు. మొదటిదాంట్లో పైన చెప్పిన ఐదూ ఉంటే నిక్షేపంగా అదే కొనొచ్చు. లేకపోతే ఆ మూడు రూపాయలకు వెనకాడటం దండగ. కూన ఒక్కసారి జబ్బు పడితే మందులకయ్యే ఖర్చు ముందు ఇదెంత? పైగా ఈ 21 రూపాయలు అర లీటరు పాల ప్యాకెట్ ధర కంటే తక్కువే.

కొన్ని ప్యాకెట్ల మీద కేలరీలు రాయరు. అప్పుడు కొవ్వు శాతం చూడండి. కొవ్వు ఎక్కువున్న గింజల్లో కేలరీలూ ఎక్కువే ఉంటాయి కాబట్టి తక్కువ గ్రాములు సరిపోతాయి. కిలోకు ఎంత, గ్రాముకు ఎంత అని తెలిపే యూనిట్ ధర కూడా ఇప్పుడు ప్యాకెట్ల మీద ముద్రిస్తున్నారు. చిన్న ప్యాకెట్ నాలుగు కొనడమా, పెద్దది ఒకటి కొనడమా అనేది దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.

అలాగని చవకని ఏడు కిలోల బస్తా మోసుకురావద్దు. ఒక్క కూన ఉన్న ఇంట్లో అది నెలల తరబడి ఉండిపోతుంది. తెరిచిన ప్యాకెట్‌ను నెల, నెలన్నరలో ముగించాలి. గాలి తగిలితే గింజల్లోని నూనె ముక్క వాసన కొడుతుంది, విటమిన్లు తగ్గుతాయి. వానాకాలం తేమకు బూజు, పురుగు అదనం. గింజల్ని డబ్బాలో కుమ్మరించకుండా ప్యాకెట్ మూతి మడిచి, ప్యాకెట్‌తో సహా మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టడం మంచిది. తయారీ తేదీ, గడువు తేదీ కళ్లముందే ఉంటాయి. బస్తా విప్పి కిలోల్లెక్కన అమ్మే విడి గింజలు చవకగా దొరుకుతాయి. కానీ అవి ఎప్పటివో, ఎవరివో చెప్పే కాగితం ఉండదు. పెద్ద పిల్లికైనా ఫర్వాలేదేమో కానీ కూనతో ఆ జూదం వద్దు.

ఎంత? ఎన్నిసార్లు?

నాలుగు వారాల నుంచి ఎనిమిది వారాల లోపు కూనకు గింజలు కొరకడం రాదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా చేసి పెట్టాలి. నానిన తిండి ఎండాకాలంలో గంట దాటితే పారేయాలి. ఎనిమిది వారాలు దాటాక పొడిగానే పెట్టొచ్చు.

రెండు నెలల కూన ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఉంటుంది. రోజుకు 45 నుంచి 60 గ్రాములు సరిపోతాయి. నాలుగు నెలలకు రెండు కిలోలకు దగ్గరవుతుంది. అప్పుడు 65, 70 గ్రాములు కావాలి. దీన్ని రోజుకు నాలుగు పూటలుగా పెట్టాలి. ఆరు నెలలు నిండాక రెండు మూడు పూటలు చాలు. ప్యాకెట్ మీద బరువును బట్టి పట్టిక ఉంటే దాన్నే అనుసరించాలి. వంటింటి తూకంతో ఒక్కసారి తూచి, ఎన్ని స్పూన్లో గుర్తుపెట్టుకుంటే రోజూ తూచే పని ఉండదు.

ఒక తిండి నుంచి ఇంకోదానికి ఒక్కరోజులో మారకూడదు. పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి. కొట్టువాడు ఈసారి వేరే ప్యాకెట్ ఇచ్చాడని అదే పెట్టేస్తే మళ్లీ విరేచనాలే.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. ఎలుకలో మూడింట రెండొంతులు నీరే. గింజల్లో పదో వంతే. పిల్లి ఎడారి జాతి నుంచి వచ్చింది. దాహం తక్కువ. తనంతట తాను ఎక్కువ నీళ్లు తాగదు. ఎండలు 40 డిగ్రీలు దాటే వరంగల్ వేసవిలో ఇది చిన్న విషయం కాదు. తిండి పళ్లేనికి కాస్త దూరంగా, ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టి, రోజుకు రెండుసార్లు మార్చాలి. ఒక పూట గింజల మీద కాసిని నీళ్లు చిలకరించినా మేలే.

పక్కన కాస్త పెట్టొచ్చా?

పెట్టొచ్చు. రోజు తిండిలో పదో వంతు మించకుండా. అంటే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ రెండు చిన్న ముక్కలు, లేదా ఉడికిన గుడ్డులో పావు వంతు. ముల్లు తీసి ఉడికించిన చేప కూడా మంచిదే. చికెన్ సెంటర్‌లో చవకగా వచ్చే లివర్ వారానికి ఒకట్రెండుసార్లు చిన్న ముక్క చాలు. రోజూ పెడితే విటమిన్-ఎ మోతాదు మించి ఎముకలు దెబ్బతింటాయి. పచ్చి మాంసం వద్దు. 2025 ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు బర్డ్ ఫ్లూ సోకిన సంగతి మరవకూడదు. ఉడికించిన ఎముకలు పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎండు చేపల్లో ఉప్పెక్కువ. ఇక ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషమే. రక్తకణాలను విరిచేస్తాయి. అందుకే మిగిలిన కూర కలిపి పెట్టే అలవాటు పూర్తిగా మానేయాలి.

పెరుగుతోందా లేదా?

ఎంచుకున్న తిండి మంచిదో కాదో కంపెనీ కన్నా కూనే బాగా చెబుతుంది. వారానికోసారి దాన్ని చిన్న బుట్టలో కూర్చోబెట్టి తూచండి. సుమారు వంద గ్రాములు పెరగాలి. మలం గట్టిగా, ఓ రూపంతో ఉండాలి. బొచ్చు నిగనిగలాడాలి. పక్కటెముకలు చేతికి తగలాలి కానీ కంటికి కనపడకూడదు. మంచి తిండే పెడుతున్నా పొట్ట ఒక్కటే ఉబ్బి ఒళ్లు రాకపోతే నులిపురుగులు ఉన్నట్టు. అప్పుడు మార్చాల్సింది ప్యాకెట్ కాదు, వేయించాల్సింది మందు. ఒకరోజంతా కూన ఏమీ తినకపోతే మర్నాటి దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి.నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయానికి వరంగల్ శివార్లలోని మామునూరులో కళాశాల ఉంది. నగరంలో పశువైద్యశాలలూ ఉన్నాయి. పశువైద్యుడంటే బర్రెలకూ గొర్రెలకే అనుకోనక్కర్లేదు. టీకాలకు తీసుకెళ్లినప్పుడే ఖాళీ ప్యాకెట్ ఒకటి జేబులో పెట్టుకెళ్లి, 'ఇది పెడుతున్నాం, సరేనా?' అని అడిగితే చాలు. ఆ ఒక్క ప్రశ్నకు ఖర్చేమీ లేదు. కూనకు మాత్రం అది కంటిచూపంత విలువైంది.